ఇంటి నంబరు రోడ్డు మీద నుంచే కనపడాలంటే ఎట్లా పెట్టించాలి?

ప్రశ్న (ఎర్రముక్కపల్లి, కడప):
పోయిన నెల రాత్రి ఒంటిగంటప్పుడు మా నాయనకు ఆయాసం ఎక్కువైతే 108కి ఫోన్ చేశాం. బండి వీధిలోకి తొందరగానే వచ్చింది కానీ ఇల్లు తెలియక మా గేటు ముందు నుంచే రెండుసార్లు పోయింది, నేను చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తి టార్చి ఊపితే అప్పుడు ఆగారు. నాయన ఇప్పుడు బాగున్నాడు. తెల్లారి చూస్తే తప్పు మాదే. నల్ల గ్రానైటు పలక మీద సన్న బంగారు రంగు అంకెలు, వాటి మీదికి కాగితం పూల తీగ. ఎంత సైజు పెట్టించాలి, ఎక్కడ పెట్టాలి? చేయించినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
అన్నా, నేను రోజూ పార్సిళ్లు ఇస్తా. తలుపు పక్కన పెట్టిన నంబరు మాకు పనికిరాదు, గేటు స్తంభం మీదే ఉండాలి, అది కూడా ముందు కారు ఆపితే కప్పుకుపోని ఎత్తులో. గోడకు అతికించిన పలక సరిగ్గా దాని ఎదురుకు వస్తేగానీ కనపడదు, మేము వచ్చేదేమో సందు పొడవునా పక్క నుంచి కదా. అందుకే స్తంభానికి అడ్డంగా బయటికి వచ్చేట్టు చిన్న రేకు బిగించి రెండువైపులా నంబరు రాయించు. హెడ్‌లైటు వెలుగు కూడా నేరుగా దాని మీద పడుతుంది.

జవాబు 2:
మాది స్టిక్కర్ల షాపు. అమెరికాలో ఇళ్ల నిర్మాణ నియమాల్లో అంకె ఎత్తు కనీసం 4 అంగుళాలు, గీత మందం అర అంగుళం, వెనక రంగుకు భిన్నంగా ఉండాలని ఉంది. మన సందులకు అది చాలు, ఇల్లు రోడ్డుకు లోపలికి ఉంటే 6 అంగుళాలు చేయించండి. ముదురు నీలం మీద తెల్ల రేడియం అంకెలు బాగా కనిపిస్తాయి. రేడియం అంటాం గానీ అది తనంతట తాను వెలగదు, పడిన వెలుగును వచ్చినవైపే తిప్పి పంపుతుంది, కాబట్టి బండి లైటు పడితే చాలు, కరెంటు పోయినా ఇబ్బంది లేదు. వంకర టింకర ఫ్యాన్సీ అంకెలు మాత్రం వద్దు, 1కి 7కి తేడా తెలియదు.

జవాబు 3:
ఇంటి పన్ను రసీదులో ఉన్న నంబరే రాయించండి. మాకు పాతదొకటి కొత్తదొకటి రెండూ గోడ మీద ఒకే సైజులో ఉండి, ఉత్తరాలు వేరే ఇంటికి పోయేవి. పాతది చెరిపించాక ఆ బాధ పోయింది. పైన అద్దెకు ఎవరైనా ఉంటే మెట్లు ఎటువైపో బాణం గుర్తు వేయించండి. ఇంకోటి, పండక్కి రంగులు వేసేవాళ్లు నంబరు మీద కూడా బ్రష్ లాగేస్తారు, దగ్గరుండి చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థ్యాంక్స్. రేకు చేయించడానికి ఇచ్చాను, రెండువైపులా 4 అంగుళాల అంకెలే. తీగ కొట్టేయడానికి అమ్మ ఒప్పుకోలేదు, తీసి పక్క గోడ మీదికి కట్టాను. బిగించాక రాత్రి సందు మొదట్లో నుంచి బండి మీద వచ్చి చూస్తా, కనపడకపోతే మళ్లీ అడుగుతా.