ట్రెడ్‌మిల్ కొనాలా, సైకిలో షటిలో చూసుకోవాలా? (విజయనగరం)

కోట దగ్గరోడు: మేడ మీద వాటా. వయసు 46, బరువు 88 కిలోలు. మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు నొప్పి, ఎక్కేటప్పుడు లేదు. 30 వేలలో ట్రెడ్‌మిల్ చూసి ఉంచాను. ఇంట్లోవాళ్లు సైకిలు కొనుక్కో, లేదా షటిల్‌కి వెళ్లు అంటున్నారు. ఏటి చెయ్యమంటారు?

నట్టుబోల్టు: ట్రెడ్‌మిల్ డబ్బా మీద పెద్దక్షరాల్లో రాసేది మోటారు పీక్ హెచ్‌పీ (హార్స్‌పవర్) సార్, అది కాసేపు లాగే శక్తే. ఆగకుండా లాగే శక్తి, అంటే కంటిన్యువస్ హెచ్‌పీ ఎంతో అడగండి. బరువు పరిమితి 110 కిలోలకి తగ్గొద్దు. ప్లగ్గు 16 ఆంపియర్లది, ఎర్తింగ్ ఉన్నది కావాలి. బెల్టు కింద సిలికాన్ ఆయిలే వెయ్యండి, కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె వద్దు. బెల్టు ఎండితే రాపిడి పెరిగి మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, చివరికి కంట్రోల్ బోర్డు పోతుంది. చాలా మెషిన్లు మూలపడేది అలాగే. బెల్టు కుడికి జరిగితే వెనక రోలర్ కుడి బోల్టుని పావు చుట్టు బిగించి, ఖాళీగా ఒక నిమిషం తిరగనిచ్చి చూడండి. ఒకేసారి రెండు చుట్లు బిగించెయ్యకండి, బేరింగుల మీద భారం పడుతుంది. కమ్ములు పట్టుకుని నడిస్తే మాత్రం అది చూపించే కేలరీలు నమ్మకండి.

గట్టు నడక: షటిల్ ఇప్పుడే వద్దండి. నెట్ పక్కనే పడే డ్రాప్ షాట్ అందుకోడానికి ముందుకి వంగి ఆగే అడుగులో బరువంతా ఒక్క మోకాలి మీదే పడుతుంది. దిగేటప్పుడు నొప్పి అంటే తొడ ముందు కండరాలకి బలం చాలట్లేదేమో, ఓసారి డాక్టరుకి చూపించండి. ఈలోగా సైకిలు మేలు. పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా రావాలి, సీటు ఎత్తు అంత. సీటు కిందికుంటే మోకాలి చిప్పకి నొప్పి ఎక్కువవుతుంది. వాన లేని రోజు నడవడానికి అయ్యకోనేరు చెరువు గట్టుంది కదా, దానికి ఈఎంఐ అక్కర్లేదు.

కోట దగ్గరోడు: సైకిలొక్కటీ సరిపోద్దా?

నట్టుబోల్టు: చాలదు. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగి పాట పాడలేనంత ఆయాసంతో తొక్కాలి. దాంతోపాటు కండరాల పని రెండు రోజులు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోండి. పదేసి చొప్పున మూడుసార్లు. నొప్పి పెరిగితే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి.

గట్టు నడక: ఆ 30 వేలు మూడు నెలలు ఆపండి. వానల్లో ఎన్ని రోజులు ఆగిపోయారో క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, అప్పుడు ట్రెడ్‌మిల్ సంగతి చూడండి.