జ్వరం తగ్గాక యాంటీబయాటిక్ ఆపెయ్యొచ్చా, రాసినన్ని రోజులూ మింగాల్సిందేనా?

కృష్ణా_డెల్టా:
ఇంట్లో నిన్నటి నుంచి ఇదే వాదన, తేలడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. నాన్నకి అరవై ఐదు దాటాయి, తెనాలి దగ్గర పల్లెలో ఉంటారు. దగ్గు, చలిజ్వరం వస్తే టౌనుకి తీసుకెళ్ళాం. డాక్టరు గారు ఎక్స్‌రే చూసి కుడి ఊపిరితిత్తిలో కొద్దిగా నిమోనియా ఉంది, అడ్మిట్ అవ్వక్కర్లేదు అని అమాక్సిసిలిన్, క్లావులానిక్ యాసిడ్ కలిసిన 625 బిళ్ళ మూడు పూటలా ఏడు రోజులకి రాశారు. మూడో రోజుకే జ్వరం పోయింది, అన్నం కూడా తింటున్నారు. ఇప్పుడేమో "తగ్గాక ఇంకా ఎందుకురా, ఒళ్ళంతా వేడి చేస్తోంది, మిగిలినవి డబ్బాలో పెడితే మళ్ళీ ఎవరికైనా జ్వరమొస్తే పనికొస్తాయి" అంటున్నారు. ఇంగ్లండులో ఉన్న మా తమ్ముడు కూడా ఆయన వైపే. కోర్సు పూర్తి చెయ్యాలన్నది పాత మాట అంటాడు. అమ్మా నేనూ ఒప్పుకోవట్లేదు. ఏది కరెక్టు?

బెజవాడ_బస్తీ:
ఆపకండి. మా మేనమామకి టీబీ వస్తే ఆరు నెలలు మందులు వాడమన్నారు. రెండు నెలలకి దగ్గు పోయి, ఒళ్ళు చేసేసరికి మానేశాడు. ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చింది, ఈసారి పాత మందుల్లో కొన్ని పని చెయ్యలేదు. మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇచ్చింది కానీ ఆ రెండోసారి వైద్యం ఎంత కాలం పట్టిందో, ఆయన ఎంత నలిగాడో ఇంట్లో వాళ్ళం చూశాం. సగం చచ్చిన క్రిమి మొండిగా తయారవుతుంది. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగే 1945లో నోబెల్ ఉపన్యాసంలో తక్కువ మందు వాడితే క్రిములు దానికి అలవాటు పడతాయని హెచ్చరించాడు. రాసింది రాసినట్టు వాడాలి.

బర్మింగ్‌హామ్_తెలుగు:
టీబీ సంగతి వేరు అండి. అక్కడ చికిత్స మధ్యలోనే ఆ క్రిమిలో మార్పు వచ్చి మందుకి లొంగకుండా పోతుంది, అందుకే నాలుగు మందులు కలిపి ఇస్తారు, అందుకే నెలల తరబడి వాడాలి. అందులో వాదనే లేదు. కానీ అదే సూత్రం గొంతునొప్పికీ నిమోనియాకీ ఎలా వర్తిస్తుంది? ఫ్లెమింగ్ చెప్పిన ఉదాహరణలో గొంతునొప్పి మనిషికి స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి ఉంటుంది, ఆ గొంతు స్ట్రెప్టోకాకస్ ఇవాళ్టికీ పెన్సిలిన్‌కి లొంగుతూనే ఉంది. 2017 జులైలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మార్టిన్ లెవెలిన్, ఇంకొందరు నిపుణులు ఇదే రాశారు: కోర్సు మధ్యలో ఆపితే రెసిస్టెన్స్ (క్రిములు మందుకి లొంగకపోవడం) పెరుగుతుందనడానికి ఆధారం లేదు, అవసరానికి మించి వాడితేనే పెరుగుతుంది.

ఎలాగంటే, మనల్ని ఇప్పుడు భయపెడుతున్న ఈ-కోలై, క్లెబ్సియెల్లా లాంటి క్రిములు పేగుల్లో మామూలుగా, ఏ హానీ చెయ్యకుండా బతుకుతాయి. మనం ఊపిరితిత్తుల కోసం మింగిన బిళ్ళ వాటి మీద కూడా పడుతుంది. లొంగేవి చచ్చిపోతాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. ప్రతి అదనపు రోజూ ఆ లొంగని వాటికి లాభం. ఏడు రోజులు, పద్నాలుగు రోజులు అన్న లెక్కల్లో చాలావాటికి పరిశోధన కంటే అలవాటే ఎక్కువ. కృష్ణా_డెల్టా గారి తమ్ముడు చెప్పిందే నాకు సబబుగా ఉంది.

కౌంటర్_వెనక:
మందుల షాపు నడుపుతున్నాను, పెద్ద ఊరు కాదు. బర్మింగ్‌హామ్ గారూ, మీరు చెప్పింది అక్కడ సరిపోతుందేమో, ఇక్కడ "తగ్గితే ఆపెయ్యొచ్చు" అన్న మాట బయటికి వస్తే ఏమవుతుందో నేను రోజూ చూస్తున్నా. ఏడు రోజుల చీటీ తెచ్చి "రెండు రోజులకి ఇవ్వు, తగ్గకపోతే మళ్ళీ వస్తా" అంటారు. కొంతమందికి డబ్బుల ఇబ్బంది, అది నాకు అర్థమవుతుంది. ఇంకొందరు ఖాళీ షీటు ముక్క చూపించి "పోయినసారి దీంతోనే తగ్గింది" అని అదే అడుగుతారు. ఆ ముక్క మీద పేరు సగమే ఉంటుంది, ఎక్స్‌పైరీ ఉన్న వైపు ఎప్పుడో కత్తిరించేసి ఉంటారు.

డబ్బాలో దాచిన బిళ్ళలకి జరిగేది కూడా ఇదే. కృష్ణా_డెల్టా గారూ, మీ నాన్నగారు ఇప్పుడు ఆపితే పన్నెండు బిళ్ళలు మిగులుతాయి. అవి వచ్చే నెల పక్కింటి వాళ్ళ పిల్లాడికి డెంగీ జ్వరం వచ్చినప్పుడు బయటికి వస్తాయి. డెంగీ వైరస్, దాని మీద ఈ బిళ్ళ గుండుసూదంత కూడా పని చెయ్యదు.

పీజీ_జనరల్_మెడిసిన్:
బెజవాడ గారూ బర్మింగ్‌హామ్ గారూ ఇద్దరూ చెప్పినదాంట్లో నిజం ఉంది, కానీ ఇద్దరూ ఒకే నియమం అన్ని జబ్బులకీ తొడుగుతున్నారు. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ చదువుతున్నా, వార్డులో రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇది, అందుకే కొంచెం వివరంగా రాస్తా.

ఈ మందు మీదే జరిగిన రెండు అధ్యయనాలు చూడండి. ఫ్రాన్స్‌లో నిమోనియాతో ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్ళని మూడు రోజుల మందు తర్వాత రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఇంకో ఐదు రోజులు అమాక్సిసిలిన్, క్లావులానిక్ యాసిడ్ ఇచ్చారు, రెండో గుంపుకి అలాగే కనిపించే ఉత్తి బిళ్ళ ఇచ్చారు. 2021లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం ప్రకారం మూడు రోజుల వాళ్ళు ఎనిమిది రోజుల వాళ్ళకి తీసిపోలేదు. ఇది బర్మింగ్‌హామ్ గారి వాదనకి బలం. ఇప్పుడు రెండోది. రెండేళ్ళ లోపు పిల్లల చెవి ఇన్ఫెక్షన్‌కి ఇదే మందు ఐదు రోజులు ఇవ్వాలా, పది రోజులు ఇవ్వాలా అని అమెరికాలో చూశారు, 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. ఐదు రోజుల గుంపులో 34 శాతం పిల్లలకి వైద్యం విఫలమైంది, పది రోజుల గుంపులో 16 శాతమే. పైగా తక్కువ రోజులు వాడినంత మాత్రాన రెసిస్టెన్స్ కూడా తగ్గలేదు. మందు ఒకటే, జబ్బూ వయసూ మారితే జవాబు తలకిందులైంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ ఫ్రెంచ్ అధ్యయనంలో మూడో రోజున ఎవరిని పడితే వాళ్ళని ఆపలేదు. జ్వరం ఒక్కటే కాదు, నాడి, బీపీ, శ్వాస వేగం, ఆక్సిజన్, అన్నీ కుదుటపడిన వాళ్ళనే తీసుకున్నారు. "తగ్గింది" అని మీ నాన్నగారు అనుకోవడం వేరు, ఇవన్నీ కొలిచి చెప్పడం వేరు. వయసు మళ్ళిన వాళ్ళలో నిమోనియా ముదురుతున్నా ఒక్కోసారి జ్వరం కనిపించదు, మనిషి కాస్త మందకొడిగా ఉంటాడు, అంతే. అమెరికా వైద్య సంఘాల 2019 మార్గదర్శకాల్లో కూడా పెద్దవాళ్ళ నిమోనియాకి మనిషి కుదుటపడేదాకా వాడాలి, మొత్తం మీద కనీసం ఐదు రోజులు అని రాశారు. కాబట్టి ఏడు తగ్గించి ఐదు చెయ్యడానికి అవకాశం ఉందేమో కానీ ఆ మాట చూసిన డాక్టరు చెప్పాలి. మూడో రోజున ఇంట్లో కూర్చుని తేల్చుకునేది కాదు. ఫోన్ చేసి అడగండి, తప్పేం లేదు.

"వేడి చేస్తోంది" అన్నారు కదా, ఆయనకి అసలేమవుతోందో విడదీసి అడగండి. నోట్లో తెల్లటి పూతా? పల్చటి విరేచనాలా? ఒంటి మీద దద్దుర్లా? మొదటిది ఫంగస్ కావచ్చు, రెండోది ఈ మందుతో మామూలే, మూడోది అలర్జీ కావచ్చు, అదైతే వెంటనే బిళ్ళ ఆపి డాక్టర్ని కలవాలి. పెదాలు, ముఖం వాచినా ఊపిరి ఆడకపోయినా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

బెజవాడ_బస్తీ:
పీజీ గారూ, మీరు చెప్పింది వింటే అర్థమవుతుంది కానీ మామూలు మనిషికి ఇన్ని లెక్కలు ఎలా గుర్తుంటాయి? "కోర్సు పూర్తి చెయ్యి" అంటే ఒక్క ముక్కలో సరిపోతుంది. దాన్ని వదులు చేస్తే టీబీ వాళ్ళు కూడా ఆపేస్తారు, నా భయం అదే.

పీజీ_జనరల్_మెడిసిన్:
మీ భయం నిజమే, టీబీ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తా. కానీ ఆ ఒక్క ముక్కకి ఇంకో వైపు ఉంది. జలుబుకి, వైరల్ జ్వరానికి ఎవరో అజిత్రోమైసిన్ ఇచ్చేస్తే, అసలు అక్కర్లేని మందుని "కోర్సు కదా" అని చివరిదాకా మింగుతున్నారు. గుండె లయ సమస్య ఉన్నవాళ్ళకి అజిత్రోమైసిన్ ప్రమాదమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లోనే హెచ్చరించింది. అలాంటప్పుడు టెస్టులు చూసి "ఇది వైరల్, బిళ్ళ ఆపెయ్యండి" అని నేను చెబితే పేషెంట్లు నన్నే అనుమానంగా చూస్తారు.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
నాకు సిరప్ గురించి అడగాలని ఉంది. పొడి సీసాలో నీళ్ళు కలిపి ఇచ్చేది. పాపకి ఐదు రోజులు వాడాక సగం సీసా మిగిలింది, మా అత్తయ్య గారు ఫ్రిజ్‌లో పెట్టారు, వచ్చే నెల బాబుకి వాడొచ్చా అని. నేను వద్దంటే దుబారా అంటున్నారు.

కౌంటర్_వెనక:
వద్దమ్మా. ఈ అమాక్సిసిలిన్, క్లావులానిక్ యాసిడ్ సిరప్ నీళ్ళు కలిపాక ఫ్రిజ్‌లో పెట్టినా వారమే. ఆ తర్వాత మందు విరిగిపోయి బలం పోతుంది, చూడ్డానికి మాత్రం అలాగే ఉంటుంది. కొత్త సీసా తెచ్చినప్పుడు కాచి చల్లార్చిన నీళ్ళు గీత దాకా పోసి, బాగా కుదిపి, నురగ దిగాక తగ్గితే మళ్ళీ గీత దాకా పొయ్యండి. చాలామంది సుమారుగా పోస్తారు, దాంతో డోసు మొత్తం తేడా వస్తుంది. పిల్లల డోసు బరువుని బట్టి రాస్తారు కాబట్టి పాపకి రాసింది బాబుకి సరిపోదు. ఇంట్లో చెంచాతో కాకుండా సీసాతో వచ్చిన కొలత మూతతోనో, సిరంజితోనో ఇవ్వండి.

బర్మింగ్‌హామ్_తెలుగు:
కౌంటర్_వెనక గారూ, కోపం తెచ్చుకోకండి, ఒకటి అడుగుతా. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మేది కూడా షాపుల వాళ్ళే కదా? ఇక్కడ డాక్టరో, అనుమతి ఉన్న ఫార్మసిస్టు లాంటి ఇంకొకరో చూసి ఇవ్వకుండా ఒక్క బిళ్ళ కూడా దొరకదు. అసలు సమస్య అక్కడుంటే, ఏడు రోజులా ఐదు రోజులా అని మనం కొట్టుకోవడం ఎందుకు?

కౌంటర్_వెనక:
కోపం లేదు, అడగాల్సిన ప్రశ్నే. షీటు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే చీటీ లేకుండా అమ్మకూడదు. సెఫిక్సిమ్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అనే గట్టి నిబంధనల జాబితాలో ఉన్నాయి, రాసిన డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎన్ని బిళ్ళలు ఇచ్చామో రిజిస్టర్లో ఎక్కించి మూడేళ్ళు ఉంచాలి. నేను ఎక్కిస్తా. ఎక్కించని షాపులూ ఉన్నాయి, దాచేదేముంది. నేను లేదంటే పక్క షాపుకి వెళ్తారు, అక్కడా లేదంటే ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర కాగితం పొట్లంలో విడి బిళ్ళలు తీసుకుంటారు, అందులో ఏముందో ఇచ్చినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. కేరళలో 2024 జనవరిలో ఆపరేషన్ అమృత్ అని పెట్టి, చీటీ లేకుండా అమ్మే షాపుల మీద తనిఖీలు మొదలుపెట్టారు. మన రెండు రాష్ట్రాల్లోనూ అలా గట్టిగా చెయ్యాలి. అన్ని షాపులూ ఒకేసారి ఆపితేనే నాలాంటి వాడు నిలబడగలడు. అయితే డాక్టరు దొరకని ఊళ్ళకి డాక్టర్ని కూడా పంపాలి. నైట్ జ్వరంతో పిల్లని ఎత్తుకొచ్చిన తల్లికి చట్టం చెప్పి పంపించడం నాకు చేతకాదు, అందుకని జ్వరానికి పారాసిటమాల్ ఇచ్చి, పొద్దున్నే పీహెచ్‌సీకి తీసుకెళ్ళమ్మా అని గట్టిగా చెబుతా.

పటాన్‌చెరు_వాసి:
షాపులూ పేషెంట్లే కాదు, మా చెరువుల సంగతి కూడా అడగండి. మా దగ్గర మందుల ఫ్యాక్టరీల నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీళ్ళని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ప్రచురించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని తేలింది. మనిషి మందు వేసుకున్నప్పుడు రక్తంలో ఉండే దానికంటే ఎక్కువ! ఒకరింట్లో రెండు బిళ్ళలు మిగిలితే దేశం మునిగిపోయినట్టు మాట్లాడుతున్నారు, ఆ నీళ్ళు వదిలిన వాళ్ళనీ అడగాలి కదా.

పీజీ_జనరల్_మెడిసిన్:
అడగాల్సిందే, పూర్తిగా మీ వైపే. అది ఇంట్లో జాగ్రత్తకి మినహాయింపు మాత్రం కాదు. మిగిలిపోయిన బిళ్ళలతో నాకు వార్డులో ఎదురయ్యే ఇబ్బంది చెబుతా: జ్వరం రాగానే డబ్బాలోంచి మూడు నాలుగు బిళ్ళలు వేసుకుని, తగ్గక మా దగ్గరికి వస్తారు. అప్పుడు టైఫాయిడ్ కోసం బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) పంపితే ఏమీ పెరగదు. క్రిమి లోపల ఉంటుంది, రిపోర్టులో ఉండదు. ఏ మందు పని చేస్తుందో తెలియక గుడ్డిగా పెద్ద మందుకి వెళ్ళాల్సి వస్తుంది.

కృష్ణా_డెల్టా:
అందరికీ థాంక్స్. ఫోన్ చేస్తే డాక్టరు గారు తీసుకురమ్మన్నారు. నాడి, ఆక్సిజన్, ఊపిరి అన్నీ చూసి, బాగానే కోలుకుంటున్నారు, మొత్తం ఐదు రోజులు వేసి ఆపెయ్యండి అని చీటీ మీద రాసి సంతకం పెట్టారు. ఆయన "వేడి" అంటున్నది పల్చటి విరేచనాలేనట. పరగడుపున వేసుకుంటున్నారని తెలిసింది, అన్నం మొదలుపెట్టేటప్పుడు వేసుకోమన్నారు. ఆరు బిళ్ళలు మిగులుతాయి. నాన్న ఇంకా దాస్తాననే అంటున్నారు, ఏం చెయ్యమంటారు?

కౌంటర్_వెనక:
మీ షాపులో అడిగి చూడండి, కొందరు తీసుకుంటారు కానీ అందరూ తీసుకోరు. లేదంటే షీటులోంచి తీసి, వాడేసిన టీ పొడిలోనో బూడిదలోనో కలిపి, కవర్లో మూట కట్టి చెత్తబండిలో వెయ్యండి. కాలవలో, మరుగుదొడ్లో వద్దు.

బర్మింగ్‌హామ్_తెలుగు:
ఇక్కడైతే మిగిలిన మందులు ఏ ఫార్మసీలో ఇచ్చినా తీసుకుంటారు. అక్కడా అలాంటి ఏర్పాటు ఉంటే సగం గొడవ తగ్గేది. ఐదు రోజులన్నారు కాబట్టి మీ తమ్ముడికి నా తరఫున కూడా చెప్పండి, దిశ సరైనదే, తొందరే కాస్త ఎక్కువైంది.

బెజవాడ_బస్తీ:
డాక్టరు చూసి ఆపమన్నారు, ఇంక నాకు అభ్యంతరం లేదు. చూడకుండా ఆపడం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

పీజీ_జనరల్_మెడిసిన్:
కృష్ణా_డెల్టా గారూ, ఇంకో రెండు మాటలు. నాన్నగారు రక్తం పల్చబడే వార్ఫరిన్ లాంటివి వాడుతుంటే డాక్టరుకి ఇప్పుడే చెప్పండి, ఈ మందుతో దాని ప్రభావం పెరగొచ్చు. విరేచనాలు నీళ్ళలా ఎక్కువైనా, రక్తం పడినా, మందు ఆపిన కొన్ని వారాలకి మొదలైనా సరే, కట్టుపడే బిళ్ళ మీరే కొని వెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అలాగే ఈ మందుతో అరుదుగా కామెర్లు వస్తాయి, ముఖ్యంగా పెద్ద వయసు మగవాళ్ళలో, అది కూడా కోర్సు అయిపోయిన కొన్ని వారాలకి రావచ్చు. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్ళంతా దురద పెట్టినా ఈ బిళ్ళ పేరు చెప్పి చూపించండి. ఆ చీటీ పారెయ్యకండి.