పాత తలుపుల రంగు గీకించాలి, సీసం సంగతేంటి?

ప్రశ్న: ఇల్లు 1998లో కట్టింది. తలుపులకు, గ్రిల్స్‌కు పసుపు ఎనామిల్, పెచ్చులూడుతోంది. పెయింటరు గ్రైండర్ పెడతానంటున్నాడు. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. పెట్టించొచ్చా?

జవాబు 1: వద్దండి. గ్రైండర్‌తో సన్నటి సీసపు దుమ్ము, బ్లో ల్యాంప్‌తో (మంటతో రంగు కాల్చి తీసేది) సీసపు పొగ. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన అమలైంది 2017 నవంబర్ 1 నుంచే. అంతకుముందు వేసిన పసుపు, నారింజ రంగులైతే లెడ్ క్రోమేట్ (సీసంతో చేసే రంగు) ఉందనే అనుకోండి. గట్టిగా ఉన్న పొరను గీకి తీయొద్దు; తడిపి వాటర్ పేపర్‌తో (నీళ్లతో వాడే గరుకు కాగితం) పైపైన రుద్ది, ప్రైమర్ వేయించండి. ఊడేచోట నీళ్లు చల్లుతూ గీకాలి. కింద మందపాటి పాలిథీన్ పరవండి, పనివాళ్లకు ఎన్100 లేదా పీ100 మాస్కు (సీసపు దుమ్మును ఆపేది). చీపురు పట్టొద్దు, దుమ్ము మళ్లీ లేస్తుంది, తడిగుడ్డతో తుడవాలి. అప్పటిదాకా పాప వేరేచోట ఉండాలి.

జవాబు 2: ఆ 90 పీపీఎం ఇంటి, అలంకరణ పెయింట్లకే. ఇండస్ట్రియల్ పెయింట్లకు లేదు, అసలు లొసుగు అదే. గ్రిల్స్‌కు వెల్డింగ్ షాపులో మిగిలిన డబ్బా వాడనివ్వకండి. రెడాక్సైడ్ ప్రైమర్‌లో ఆ ఎరుపు ఇనుముది. రెడ్ లెడ్ వేరు, అది సీసపు ఎరుపు.

ప్రశ్న అడిగినవారు: తలుపు చట్రానికి రాసుకునే అంచులో?

జవాబు 1: అక్కడ పైపూత నిలవదు, రాపిడికి మళ్లీ రాలుతుంది. ఆ అంచు వరకు తడిపి, చెక్క కనిపించేదాకా తీయించండి.