యారాలులో ఉన్నది ఏ ఏరు?

దేవరకొండ: మా నాయనమ్మ నాట్లేసేటప్పుడు ఒక పాట ఎత్తుకునేది. "యారాలు తోడుంటె ఏరు…" దాకా గుర్తుంది. యారాలంటే తోడికోడలు. ఆ తర్వాతి మాట నాలుగు రోజులుగా నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. ఎవరికైనా వచ్చా?

మిర్యాలగూడ: పాట రాదు గానీ మాట గుట్టు అందులోనే ఉంది. ఏరు అంటే నాగలి, ఏరువాకలో ఉన్నదే. ఏరు+ఆలు. ఒక కాడి కింద రెండెడ్లు, ఒక ఇంట్లో ఇద్దరు కోడండ్లు.

కల్వకుర్తి: ఇంత అందంగా కుదిరితేనే అనుమానపడాలన్నా. మా దిక్కు అన్నదమ్ములు విడిపోతే "ఏరువడ్డరు" అంటాం. ఎవరి వల్ల ఏరువడతారో నేను చెప్పక్కర్లేదు :) వేప యాప అయింది, వేళ యాళ అయింది. వేరాలు యారాలు కాకూడదా?

మిర్యాలగూడ: కాకూడదు. విడి అనే అర్థంలో వేఱుకు బండి ఱ. నాగలి ఏరుకు మామూలు ర, తమిళంలోనూ అంతే. యారాలును బండి ఱతో రాసినవాళ్లను ఒక్కరిని చూపించు.

కల్వకుర్తి: కలుపు తీసే నోటికి బండి ఱ ఎక్కడిది? పోతన అంతటివాడే ర, ఱలకు ప్రాస కలిపాడు.

మిర్యాలగూడ: అందుకే పాత లాక్షణికులు, అంటే కవిత్వానికి నియమాలు రాసినవాళ్లు, ఆయన్ని పక్కన పెట్టారని అప్పకవి చెప్పింది.

కల్వకుర్తి: అప్పకవి ఇంటిపేరు కాకునూరు. మన కేశంపేట మండలమే. మనోడే, అయినా నా ఓటు పోతనకే.

షాద్‌నగర్: ఊరు మా పక్కది, గొప్ప మీకా? పైగా ఆయన 1656లో తన లక్షణ గ్రంథం అప్పకవీయం మొదలుపెట్టే నాటికి ఉన్నది పల్నాటి కామేపల్లిలో. అయినా "అల వైకుంఠపురంబులో" చదువుతూ ఎవరైనా ఱలు లెక్కపెడతారా? మా తాత ఆ పద్యం ఎత్తుకుంటే ఎడ్లు కూడా ఆగేవి.

నారాయణపేట: మా సరిహద్దులో కన్నడం వాళ్లు వారగిత్తి అంటారు, ఓరగిత్తి అని కూడా. ఓరగె అంటే సరిజోడు. మనదీ అలాంటిదే ఏదో అయి ఉంటుంది. తోడికోడలులో తోడు లేదా?

మిర్యాలగూడ: అర్థం కలిసింది సార్, శబ్దం కలవలేదు. ఓ ఎక్కడ, ఏ ఎక్కడ?

నల్గొండ: అందరూ ఏరు పట్టుకుని లాగుతున్నారు, ఆలును ఎవరూ చూడలేదు. కోడలు కోడండ్లు, మరదలు మరదండ్లు, యారాలు యారాండ్లు. ఆ సగంలో గొడవ లేదు. ఇక కల్వకుర్తి తమ్మునికి ఒక మాట. నేనూ మా యారాలూ ఇరవై ఏండ్లు ఒకే పొయ్యి మీద వండినం. ఏరువడ్డది మగోళ్లే.

కల్వకుర్తి: తప్పయింది మేడం. ఆ నవ్వు బొమ్మ వెనక్కి తీసుకుంటున్నా. వేరు మాత్రం తీసుకోను.

దేవరకొండ: ఇంతకీ నా పాట? ఇప్పుడే మా పెద్దమ్మకు ఫోన్ చేశా. అసలు ఏరే కాదట, "యారాలు తోడుంటె ఏడు మళ్లు" అట. ఆమె పాడుతుంటే వెనక నుంచి మా చిన్నమ్మ అరుస్తోంది: "ఏడు కాదక్కా, ఏరే!"