ఆయుధ పూజ రోజు షెడ్డులో పంచే ప్రసాదం: విశ్వాసి తీసుకోవచ్చా?

గాజువాక_పాఠకుడు
అందరికీ వందనాలు. దసరాకి ఆటోనగర్ షెడ్లలో లేతు మిషన్లకి పసుపు, కుంకుమ పెడతారు, నిమ్మకాయలు కడతారు, గుమ్మడికాయ కొడతారు. తర్వాత పులిహోర, శనగలు పంచుతారు. విగ్రహం వట్టిదని పౌలే అన్నాడు (1 కొరింథీ 8:4) కాబట్టి తినొచ్చని కొందరంటున్నారు, ముట్టుకోకూడదని కొందరు. వాక్యం చూపించి చెప్పండి.

దానియేలు_1_8
వద్దు బ్రదర్. అపొస్తలుల కార్యములు 15:29 విగ్రహాలకు అర్పించినవాటిని విసర్జించమంది. ప్రకటన 2:14లో పెర్గము సంఘాన్ని, 2:20లో తుయతైర సంఘాన్ని ప్రభువు గద్దించింది కూడా దీని గురించే. ఇంత స్పష్టంగా ఉంటే సందేహం దేనికి?

మర్రిపాలెం_బైబిల్_స్టడీ
అన్నా, పౌలు మూడు సందర్భాలు విడదీశాడు. మనం వాటిని కలిపేస్తున్నాం. 1 కొరింథీ 8:10లో ఉన్నది విగ్రహాలయంలోనే కూర్చుని తినడం. కొరింథు తవ్వకాల్లో అస్క్లేపియస్ (గ్రీకుల వైద్య దేవుడు) గుడి దగ్గర భోజనపు గదులే బయటపడ్డాయి, అక్కడ గుడి విందు మామూలు సంగతి. దాన్ని 10:21లో గట్టిగా కాదన్నాడు, ప్రభువు బల్లతో పాటు ఆ బల్ల కుదరదని. 10:25లో ఉన్నది అంగట్లో కొన్న మాంసం, 10:27లో ఉన్నది ఒకరింట్లో భోజనం. ఈ రెండూ విచారించకుండా తినమన్నాడు. ఎవరైనా “ఇది అర్పించింది” అని చెబితే మాత్రం ఆ చెప్పినవాడి కోసం మానమన్నాడు.

తుయతైర మీరు మంచి చోట ఎత్తారు. అక్కడ రంగులద్దేవాళ్లకీ, కంచరులకీ, కుమ్మరులకీ వృత్తి సంఘాలుండేవని శాసనాలున్నాయి. అక్కడి విశ్వాసులకు చిక్కు ఆ సంఘాల విందులతోనే వచ్చిందని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. అంటే మన షెడ్డు పరిస్థితికి కొరింథు కంటే తుయతైరే దగ్గర.

పెందుర్తి_యూత్
షెడ్డులో ఎవరూ “ఇది అర్పించింది” అని నోటితో చెప్పరు కదా? అలాంటప్పుడు 10:27 వర్తించదా?

మర్రిపాలెం_బైబిల్_స్టడీ
వర్తించదు తమ్ముడూ. హారతి కళ్లముందే ఇచ్చారు, పళ్లెం అక్కణ్ణుంచే వచ్చింది. ఇంక చెప్పేదేముంది? విస్తరాకు పొట్లంలో అన్నవరం ప్రసాదం చేతిలో పెడితే పేరే చెప్పేస్తుంది. పక్కింటివాళ్లు సంక్రాంతికి పంపిన అరిసెల డబ్బా వేరు. దాని గురించి ఆరా తీయక్కర్లేదు, కృతజ్ఞతతో తినండి.

సిస్టర్_గోపాలపట్నం
ఆచరణ సంగతి నేను చెబుతాను. పూజ రోజు దాకా ఆగకండి, రెండ్రోజుల ముందే మేస్త్రీతో విడిగా మాట్లాడండి. మిషను తుడవడం, చిప్స్ (ఇనుప తురుము) ఎత్తడం, ఆయిలు వేయడం అందరికంటే ముందు మీరే చేయండి, అది పనే. హారతి సమయానికి పక్కన నిలబడండి. పళ్లెం వస్తే “నేను తీసుకోనన్నా, ఏమీ అనుకోకండి” అంటే చాలు, అక్కడ ప్రసంగం వద్దు. అన్నిటికంటే చెడ్డ పని, మొహమాటానికి తీసుకుని మూల పారేయడం. ఇచ్చినవాళ్ల భక్తికి అవమానం, మీ మాటకి విలువ పోతుంది.

చందా అడిగితే మధ్యాహ్న భోజనానికని చెప్పి విడిగా ఇవ్వండి.

దానియేలు_1_8
అక్కా, చందా ఒకే కవరులో పడుతుంది. “భోజనానికి” అన్నంత మాత్రాన కొబ్బరికాయలు వేరైపోవు.

సిస్టర్_గోపాలపట్నం
నిజమే బ్రదర్, నేను సగమే చెప్పాను. డబ్బు కాకుండా వస్తువే ఇవ్వాలి. మంచినీళ్ల క్యాన్లో, భోజనాల ఆకులో మీరే తెప్పించండి.

పెందుర్తి_యూత్
మరి సిరియా సేనాధిపతి నయమాను? రిమ్మోను దేవుడి గుడిలో తన రాజుతో పాటు వంగుతానంటే ఎలీషా ప్రవక్త “నెమ్మదిగలిగి పొమ్ము” అన్నాడుగా (2 రాజులు 5:18, 19).

మర్రిపాలెం_బైబిల్_స్టడీ
రాజు అతని చేతి మీద ఆనుకుంటాడు కాబట్టి వంగక తప్పని ఉద్యోగం అది. అయినా దాన్ని హక్కుగా అడగలేదు, క్షమించమని వేడుకున్నాడు. యెహోవాకు తప్ప వేరే దేవుడికి బలి అర్పించనని ముందు వచనంలోనే (5:17) మాటిచ్చాడు. ప్రసాదం తినడానికి ఇది ఆధారం కాదు. యజమాని పక్కన నిలబడక తప్పని డ్రైవరుకి మాత్రం ఊరట.

ఇంకో మాట. అదే షెడ్డులో మొన్ననే బాప్తిస్మం తీసుకున్నవాడు ఉంటే 1 కొరింథీ 8వ అధ్యాయం చివరిదాకా చదవండి. మీరు తినడం చూసి వాడు మనస్సాక్షికి విరుద్ధంగా తింటే, 8:12 ప్రకారం అది క్రీస్తుకు విరోధమైన పాపం.

గాజువాక_పాఠకుడు
అలాంటివాడు ఒకడున్నాడు. పళ్లెం వచ్చేటప్పుడు అతని పక్కనే నిలబడతాను.