హువా హిన్‌లో పెళ్లి: అత్తయ్యగారితో, నగలతో, పూజ సామానుతో వెళ్తున్నాం. ఏం చూసుకోవాలి?

గుంటూరు కోడలు:
మా ఆడపడుచు కూతురి పెళ్లి మాఘమాసంలో థాయ్‌లాండ్‌లో, హువా హిన్‌లో సముద్రం ఒడ్డున చేస్తున్నారు. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి రాత్రి విమానం. మేమిద్దరం, పిల్లలు, అత్తయ్యగారు వెళ్తున్నాం. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, రోజూ ఇన్సులిన్ ఉండాలి. మనవరాలి పెళ్లికి తన నగలన్నీ పెట్టుకోవాలని ఆవిడ కోరిక. పంతులుగారు కొబ్బరి, కర్పూరం, తమలపాకులు అంటూ పెద్ద లిస్టే రాసిచ్చారు. మా వారు మేనమామ కాబట్టి పెళ్లికూతుర్ని బుట్టలో తేవాలి. ఆ బుట్ట కూడా ఇక్కడి నుంచే మోసుకెళ్లాలా? అన్నిటికన్నా అత్తయ్యగారి ప్రయాణం గురించే టెన్షన్‌గా ఉంది.

పెళ్లికూతురి పిన్ని:
మా అక్క కూతురి పెళ్లి అక్కడే చేశాం, కాబట్టి చూసిందే చెప్తాను. ముందు నగలు. తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ వాళ్లు అడిగితే అవి మీ పాత నగలే అని చూపించాలి. సుంకం లేకుండా నగలు తెచ్చుకునే సదుపాయం ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవాళ్లకే. అందుకని వెళ్లే రోజే విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్, అంటే ఈ నగలు ఇక్కడి నుంచే తీసుకెళ్తున్నారని రాసిచ్చే కాగితం, తీసుకోండి. బిల్లులు ఉంటే సరే, అత్తయ్యగారి కాలం నాటి కాసులపేరుకి బిల్లు ఎక్కడుంటుంది? గుర్తింపు ఉన్న వాల్యుయర్ దగ్గర బరువు, విలువ రాయించుకుని, ప్రతి నగకీ ఫొటో తీసి పెట్టుకోండి. ఆ పనికి సమయం పడుతుంది, విమానాశ్రయానికి ఇంకో గంట ముందు బయల్దేరండి. నగలు చేతిసంచిలోనే ఉండాలి.

ఇన్సులిన్ కూడా చేతిసంచిలోనే, డాక్టర్ చీటీతో పాటు. లగేజీలో వేస్తే గడ్డకట్టి పాడవచ్చు. వీల్‌చైర్ కావాలని ఎయిర్‌లైన్స్‌కి కనీసం రెండు రోజుల ముందు చెప్పండి. రాత్రి విమానం తెల్లవారకుండానే దింపేస్తుంది, హోటల్ గది మాత్రం మధ్యాహ్నానికి గానీ ఇవ్వరు. షుగర్ ఉన్న పెద్దావిడని లాబీ సోఫాలో అన్ని గంటలు కూర్చోబెట్టకండి. కనీసం ఆవిడ గదైనా పొద్దున్నే ఇవ్వమని వియ్యాలవారితో ఇప్పుడే గట్టిగా మాట్లాడండి. మండపం ఇసుక మీదైతే వీల్‌చైర్ కదలదు. పచ్చిక మీద వేయించమని అడగడం మీ హక్కు. ఆవిడ తలంబ్రాలు దగ్గర నుంచి చూడాలి కదా.

బ్యాంకాక్ తెలుగువాడు:
లిస్టులో ఎండుకొబ్బరి, కర్పూరం కొట్టేయండి. రెండూ మండే వస్తువులు, విమానంలో ఒప్పుకోరు. తాజా ఆకులు, పూలు ఇక్కడ దిగాక మొక్కల తనిఖీలో చిక్కు. పసుపు, కుంకుమ, అక్షతలు, అడ్డుతెర, మంగళసూత్రాలు తెచ్చుకుంటే చాలు. మిగతావి బ్యాంకాక్‌లో దొరుకుతాయి. పహురత్ మన భారతీయుల బజారు, పూజ సామాను అక్కడ కొనండి. పక్కనే పాక్ ఖ్లోంగ్ తలాత్ పూల మార్కెట్ రాత్రంతా ఉంటుంది. బంతిపూలు, అరటాకులు, తమలపాకులు బోలెడు.

వెదురు బుట్టలు ఇక్కడ బాగా అల్లుతారు, మోసుకురాకండి. కానీ అలంకరణ చూసి మురిసిపోకుండా పెళ్లికి ముందురోజు మీ వారు అమ్మాయిని కూర్చోబెట్టి ఒకసారి ఎత్తి చూడాలి. అడుగున చీలిక ఉంటే వేరేది తెప్పించండి.

2025 మే నుంచి థాయ్‌లాండ్‌లో దిగడానికి ముందు మూడు రోజుల లోపు డిజిటల్ అరైవల్ కార్డ్ (ఇమిగ్రేషన్ వాళ్ల ఆన్‌లైన్ ఫారం) నింపాలి. అది ఉచితం. డబ్బులడిగే సైట్లు ఇమిగ్రేషన్ వాళ్లవి కావు, తెరవకండి. వీసా నిబంధన మారుతుంటుంది, రాయబార కార్యాలయం సైట్‌లో చూసుకోండి. బ్యాంకాక్ నుంచి హువా హిన్ దాదాపు 200 కిలోమీటర్లు, వ్యాన్‌లో మూడు గంటలు. దారిలో ఒకచోట ఆపి అత్తయ్యగారికి టిఫిన్ పెట్టించండి.

గుంటూరు కోడలు:
చాలా థాంక్స్ అండీ. చదివింపులు రూపాయల్లో తీసుకెళ్లొచ్చా? శుభలేఖలో ముహూర్తం ఉదయం 9.12 అని ఉంది, అది ఎక్కడి టైమ్?

పెళ్లికూతురి పిన్ని:
మనిషికి 25 వేల రూపాయల నోట్ల వరకే తీసుకెళ్లాలి. రిసెప్షన్ ఊళ్లో ఉంటే చదివింపులు అప్పుడే ఇవ్వండి. ముహూర్తం సంగతి ఈరోజే పంతులుగారిని అడగండి. లగ్నం ఊరిని బట్టి మారుతుంది, హువా హిన్‌కి గణించారో గుంటూరుకి గణించారో తేల్చుకోవాలి. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర ముందుంటుంది. ఫోన్ తనే మారుతుంది గానీ పంతులుగారి చేతి వాచీ మారదు, దిగగానే సరిచేయించండి.