క్రూయిజ్‌లో స్పీడ్ నమ్మలేనప్పుడు: 5 డిగ్రీలా, ఉన్నది ఉన్నట్టా?

రైట్‌సీట్_రెడ్డి: స్పీడ్ నమ్మలేనప్పుడు వెంటనే చేయాల్సిన ఏ320 మెమరీ ఐటమ్స్‌లో (చూడకుండా గుర్తుంచుకోవాల్సిన పనులు) ఎఫ్‌ఎల్ 100 (ఫ్లైట్ లెవెల్, అంటే సుమారు 10,000 అడుగులు) పైన 5 డిగ్రీల పిచ్ (ముక్కు కోణం), క్లైంబ్ థ్రస్ట్ (పైకి ఎక్కేటప్పటి ఇంజిన్ బలం) అని ఉంది. ఎఫ్‌ఎల్ 350లో నిలకడగా పోతున్నా ముక్కు లేపాల్సిందేనా?

ఎడమచెయ్యి: అక్కర్లేదండీ. విమానం ప్రమాదంలో పడుతుందనుకుంటేనే ఆ అంకెలు. క్రూయిజ్‌లో పిచ్ ఎలాగూ 2.5 దగ్గర ఉంటుంది, బరువును బట్టి కాస్త అటూ ఇటూ. ఆటోపైలట్, ఆటోథ్రస్ట్ (ఇంజిన్ బలాన్ని తానే సర్దేది), రెండు ఫ్లైట్ డైరెక్టర్లూ (ముక్కు ఎటు తిప్పాలో తెర మీద చూపే బార్లు) తీసేసి, అంతకుముందున్న పిచ్, ఎన్1 (ఇంజిన్ ఫ్యాన్ వేగం శాతం) పట్టుకోండి. తర్వాత క్యూఆర్‌హెచ్ (కాక్‌పిట్‌లో ఉండే అత్యవసర చెక్‌లిస్ట్ పుస్తకం) టేబుల్.

ఆటోథ్రస్ట్ తనంతట తానే ఊడితే థ్రస్ట్ లాక్ అవుతుంది. లీవర్లు కదిపితే గానీ వదలదు. ఎన్1 చూస్తూ మెల్లగా కదపాలి.

ఫ్లైట్ డైరెక్టర్లు ఎందుకు తీయాలంటే, 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447లో ఆ బార్లు పోతూ వస్తూ ఉన్నాయి. మంచు స్ఫటికాలతో పిటోలు (ఎదురుగాలి ఒత్తిడితో స్పీడ్ కొలిచే గొట్టాలు) మూసుకుపోయి స్పీడ్ తప్పు చూపింది ఒక్క నిమిషం కన్నా తక్కువ సేపే. కానీ ముక్కు 10 డిగ్రీలు దాటింది. విమానం దాదాపు 38,000 అడుగులకి ఎక్కి స్టాల్ అయింది (రెక్కలు లేపే బలం కోల్పోయింది).

ఏడుమూడేడు: మా 737 ఎన్‌జీలో ఫ్లాప్స్ అప్ అయితే 4 డిగ్రీలు, 75 శాతం ఎన్1. టేబుల్ తెరిచేదాకా విమానాన్ని కాపాడే అంకెలు మాత్రమే అవి, ఎత్తు నిలబెట్టేవి కావు.

బెంచ్_టెక్నీషియన్: ఏది మూసుకుపోయిందో లక్షణాన్ని బట్టి చెప్పొచ్చు. పిటోతోపాటు డ్రెయిన్ రంధ్రం కూడా మూసుకుంటే స్పీడ్ ఆల్టిమీటర్‌లా నడుస్తుంది: ఎక్కితే పెరుగుతుంది, దిగితే తగ్గుతుంది. స్టాటిక్ (బయటి గాలి ఒత్తిడి తీసుకునే రంధ్రం) మూసుకుంటే చూపే ఎత్తు కదలదు, వర్టికల్ స్పీడ్ సున్నా.

అలాంటప్పుడు ఏటీసీని ఎత్తు అడగడం దండగ. వాళ్ళ తెర మీది అంకె మన ట్రాన్స్‌పాండర్ పంపిందే. 1996లో ఏరోపెరూ 603కి స్టాటిక్ పోర్టుల మీద టేపు ఉండిపోయింది. కంట్రోలర్ చెప్పిన ఎత్తూ ఆ తప్పుదే. రాడార్ చూపే గ్రౌండ్ స్పీడ్ మాత్రం పనికొస్తుంది.

రైట్‌సీట్_రెడ్డి: మరి జీపీఎస్ ఎత్తు?

ఎడమచెయ్యి: వాడండి, కానీ తేడా చూసి కంగారుపడొద్దు. ఐఎస్ఏ (ప్రామాణిక వాతావరణం) కంటే 10 డిగ్రీల వేడికి, ఆల్టిమీటర్ కంటే సుమారు 4 శాతం, అంటే ఎఫ్‌ఎల్ 350లో దాదాపు 1,400 అడుగులు ఎక్కువ చూపుతుంది. మన ఆకాశంలో అది మామూలే. ఎత్తు మీద అనుమానం వస్తే ఆర్‌వీఎస్‌ఎం (విమానాల మధ్య నిలువు ఎడం తగ్గించిన పద్ధతి) కుదరదని ఏటీసీకి వెంటనే చెప్పాలి. పైనా కిందా 1,000 అడుగుల్లోనే ట్రాఫిక్.

ఇంకోటి, బస్ (బ్యాకప్ స్పీడ్ స్కేల్) ఉంది కదా అని మూడు ఏడీఆర్‌లూ (స్పీడ్, ఎత్తు లెక్కించే కంప్యూటర్లు) ఆపేయకండి. అది ఎఫ్‌ఎల్ 250 కిందే.

బెంచ్_టెక్నీషియన్: దిగాక టెక్ లాగ్‌లో "స్పీడ్ ఫాల్ట్" అని రెండు ముక్కలు రాసి వదిలేయొద్దు సార్. ఏ పీఎఫ్‌డీ (పైలట్ ముందుండే ప్రధాన తెర), ఎంత ఎత్తు, టీఏటీ (విమానానికి తగిలే గాలి ఉష్ణోగ్రత) ఎంత, ఎంతసేపు, చుట్టూ మేఘాలున్నాయా రాయండి. మా దగ్గరికి వచ్చేసరికి మంచు కరిగిపోయి, టెస్ట్‌లో అన్నీ పాసవుతాయి.